అడుగు పగలగొట్టని కొలను

మా వాకిట్లో ఒకప్పుడు కొలను ఉండేదంటే, మా గల్లీ దాటితే మెదక్‌లో ఎవరూ నమ్మరు. నేను చెబితే అసలే నమ్మరు. బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం నాది. కాలిపోయిన మోటారు పట్టుకొచ్చిన రైతును ఊరికే కూర్చోబెట్టలేను కదా, తీగ చుట్టినంతసేపూ ఏదో ఒకటి చెబుతూ ఉంటాను. అల్లాదుర్గ్ దగ్గర ఒక బోరులో నీళ్లకు బదులు మజ్జిగ పడిందని చెప్పాను ఒకసారి. విన్నాయన నవ్వకుండా, "ఉప్పేసిందా, చప్పటిదా?" అని అడిగాడు. అటువంటి గిరాకీలు దొరకడం నా అదృష్టం. అందుకని ముందే చెబుతున్నాను, ఈ కొలను సంగతిలో అబద్ధం తక్కువ. అబద్ధం కల్పించే ఓపికను కూడా ఆ కొలనే తాగేసింది.

ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటుతో కట్టించాను దాన్ని. గేటుకూ ఇంటి మెట్లకూ సరిగ్గా మధ్యలో, జోడు మంచమంత వెడల్పు, నడుము లోతు. అడుగున కాంక్రీటు, చుట్టూ నీలం రంగు. పాత కూలర్ మోటారు ఒకటి లోపల దించి ఫౌంటెన్ లేపాను. నీళ్లు జానెడెత్తు లేచాయి. గల్లీలో మాత్రం కరెంటు తీగలు తడిసి సగం ఊరికి సరఫరా ఆగిపోయిందని చెప్పుకున్నాను. మరుసటి వేసవికి మోటారు ముక్కింది, మూలిగింది, ఆగింది. ఊరందరి మోటార్లు బాగుచేసేవాడిని, దాన్ని మాత్రం ముట్టుకోబుద్ధి కాలేదు. అప్పటినుంచి నీళ్లు పచ్చబడ్డాయి. దోమపిల్లలను తింటాయని చేపలు తెచ్చి వదిలితే, చేపలను తినడానికి కొంగ వచ్చింది. కొంగను తరమడం, పాచి గీకడం, జామాకులు ఏరడం, బ్లీచింగ్ చల్లడం, మళ్లీ నింపడం. మేమందరం గేటు నుంచి మెట్ల దాకా దాని చుట్టూ తిరిగి నడిచేవాళ్లం. మా ఆవిడ దాన్ని ఒక్కరోజు కూడా కొలను అనలేదు. గుంత అనేది.

మరి అప్పుడే ఎందుకు పూడ్చలేదని అడగవచ్చు. బతుకమ్మ వల్ల పూడ్చలేదు.

మా పక్కింటి పెద్దమ్మకు మోకాళ్లు వంగవు. పండుగనాడు చెరువు దాకా నడవలేక, ఒక ఏడు తన బతుకమ్మను మా కొలనులో వదులుతానంది. నాకు గర్వమనిపించింది. అంతటితో ఊరుకోకుండా, "పెద్దమ్మా, ఇది ఉత్త గుంత కాదు. దీని కింది నుంచి ఏడుపాయల గుడి దాకా సొరంగం ఉన్నది, మంజీర నీళ్లు ఇందులకు వస్తయి" అని చెప్పాను. ఏడుపాయల నుంచి సీసాలో తెచ్చిన నీళ్లు కొన్ని అందులో పోసిన మాట నిజమే. సొరంగం సంగతి నా సొంతం. మరుసటి ఏటికి వాడకట్టు ఆడవాళ్లంతా మా ఇంటికే వచ్చారు. తంగేడు, గునుగు, బంతి, అన్నీ ఆ నీళ్లలో తేలాయి. తెల్లారితే కుళ్లిన పూలు తీసే పని నాది.

అలా ఏళ్లు గడిచాయి. ఒక ఎండాకాలంలో మా బిడ్డకు కొలువు వచ్చింది.

బిడ్డను తూప్రాన్‌లో ఇచ్చాము. నర్సు చదువు చదివింది. కడుపుతో ఉన్నప్పటి నుంచి ప్రయత్నిస్తే, ఇన్నాళ్లకు మెదక్ దవాఖానాలో పని దొరికింది. రోజూ తూప్రాన్ నుంచి వచ్చిపోవడం చంటిపిల్ల తల్లితో అయ్యేది కాదు. అందుకని వారమంతా పిల్లతో మా ఇంట్లో ఉండి, సెలవురోజు అత్తగారింటికి పోవాలని అనుకున్నారు. అల్లుడు సరేనన్నాడు. పిల్లకు అప్పుడప్పుడే నడక వచ్చింది. నడక అంటే నడక కాదు, ఉరుకుడే. అది తెలిసిన వియ్యపురాలు ఫోన్ చేసింది.

"అన్నా, బిడ్డ మీది, కొలువు ఆమెది. నేను కాదంటలేను. కని మనుమరాలు నాది. మీ వాకిట్ల గా గుంత ఉన్నన్ని దినాలు పోరిని మీ గడప తొక్కనియ్య."

"చుట్టూ ఇనుప జాలీ కొట్టిపిస్త చెల్లెమ్మా."

"జాలీ ఎక్కి దుంకుతది అది. పూడ్సుండ్రి."

"సరే, పూడ్చిపిస్త."

"మీరు చెప్పుడు కాదన్నా. మీరు చెప్పింది వింటే మా ఇంట్ల కోళ్లు కూడ నవ్వుతయి. ఫోన్ల చూపెట్టుండ్రి, అప్పుడు పంపుత."

పిల్ల రాకుంటే బిడ్డ రాదు. బిడ్డ రాకుంటే కొలువు పోతుంది. ఇంత చిన్న లెక్కకు ఇక ఆలోచన ఏముంది? చేగుంట వైపు నుంచి ఒక ట్రాక్టర్ మొరం మట్టి చెప్పాను. ట్రాక్టర్ గేటులో పట్టలేదు, డ్రైవరు మొరం బయటే గుమ్మరించి పోయాడు. ఆ కుప్ప చూసి పెద్దమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"కొడకా, గీ మొరం దేనికి?"

"గుంత పూడుస్తున్న పెద్దమ్మా."

ఆమె పోయి మొరం కుప్ప మీద కూర్చుంది. ఆమె కూర్చుంటే లేపడం ఎవరి తరమూ కాదని వాడకట్టుకంతా తెలుసు.

"ఇన్నేండ్లు మా బతుకమ్మలను ఒళ్లె పెట్టుకున్న తల్లిరా. మన్ను కొట్టి చంపుతవా?"

"దోమలు పెద్దమ్మా. చిన్నపిల్ల వస్తది, ఉరుకుతది. అందుల పడితే?"

"పిల్ల రావాలె. నేను వద్దంటలేను. కని గంగమ్మను సాగనంపాలెగా? ఆడబిడ్డను ఉత్తచేతుల పంపుతరా ఎవలన్నా?"

"గంగమ్మ ఏడుంది పెద్దమ్మా? ఉన్నయి బోరు నీళ్లు."

"మంజీర వస్తదని నువ్వే చెప్తివిగదా."

నా మాట నమ్మిన మనిషి జన్మలో ఒక్కరు దొరికితే, ఆమె మొరం కుప్ప మీద కూర్చుని ఉంది. ఆమె చెప్పినట్టే చేద్దామన్నాను. ఒడిబియ్యం పోయాలంది. నీళ్లను మురికి మోరీలో పారబోయకూడదంది. తల్లి పండుకున్న జాగ కాబట్టి అడుగున గడ్డపార పోటు పడకూడదంది. అన్నిటికీ తల ఊపాను. ఆమె ఇంటికి పోయి అందరికీ చెప్పింది. దాంతో పాపం తగులుతుందని భయపడి, నేను మాట్లాడుకున్న ఇద్దరు కూలీలు ఫోన్ ఎత్తడం మానేశారు.

ఒడిబియ్యం రోజు వాడకట్టు ఆడవాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె బట్ట పట్టుకుని వచ్చారు. పుట్టింటి నుంచి పోయే ఆడబిడ్డకైతే కొంగు పట్టి ఒళ్లో పోస్తారు. కొలనుకు కొంగెక్కడిది? మా ఆవిడ తన పాత చీర ఒకటి గట్టు మీద పరిచింది. అందులో బియ్యం పోశారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, బతుకమ్మ లేదు, పువ్వు లేదు, పచ్చటి పాచినీళ్లు మాత్రం. అయినా పెద్దమ్మ ఏడ్చింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు ఏడ్చారు. నవ్వు మొహం పెట్టుకుని నిలబడ్డవాడిని నేనొక్కడినే. అదీ కాసేపే.

తర్వాత నీళ్లు ఎత్తే పని మొదలైంది. మోరీలో పోయవద్దంటే మరెక్కడ పోయాలి? ఇంటింటి చెట్లకు పోయాలని తేల్చారు. బిందెతో ముంచి ఎత్తడం, భుజాన పెట్టుకోవడం, ఒకరింటి మందారం, ఇంకొకరింటి మల్లె, మరొకరింటి కరివేపాకు. ఆడవాళ్లు గేట్ల దగ్గర నిలబడి, "అన్నా, మా గులాబీకి రాలేదు," "అన్నా, తులసికి మురికికాళ్లతోని పోస్తవా, కాళ్లు కడుక్కొని రా" అని పిలిచారు. రెండు సాయంత్రాలు పట్టిందో మూడు పట్టిందో నాకు గుర్తులేదు. భుజం మీద బిందె అంచు దిగిన చోటు నల్లబడి, బనియన్ వేసుకుంటే మంట పుట్టేది. దుకాణంలో రైతులు, "ఏంది పటేలా, ఇయ్యాల కథ లేదా?" అంటే, "నోరు పనిచేస్తలేదు, మోటారు కాలింది" అని చెప్పి తప్పించుకున్నాను.

అడుగున చిక్కటి నల్లబురద. అందులో తంగేడు పుల్లలు, దారప్పోగులు, నా పాత కూలర్ మోటారు. బురద ఎత్తి జామచెట్టు మొదట్లో వేశాను. కాంక్రీటు అడుగు బయటపడింది. గట్టిగా, నున్నగా, ఒక్క పగులు లేకుండా ఉంది. మేస్త్రీ మంచివాడు.

మా ఆవిడ గట్టు మీద నిలబడి అడిగింది. "ఇందుల మొరం నింపితే, వాన పడ్డప్పుడు నీళ్లు యాడికి పోతయి?"

"భూమి తాగుతది."

"సిమెంటు తాగుతదా?"

"మూడు నెలలల్ల మొరమే రాయైతది, చూడు. నీళ్లు పై నుంచే జారిపోతయి."

"నువ్వు చెప్పినవంటే కాదన్నట్టే."

గడ్డపార గోడకు ఆనించే ఉంది. అడుగున నాలుగు పోట్లు పొడిస్తే సరిపోయేది. కానీ గోడ మీదుగా పెద్దమ్మ తల కనబడుతోంది. ఆమె మమ్మల్ని చూడటం లేదు, తన మల్లెచెట్టును చూస్తోంది. అయినా పొడవలేకపోయాను. మాట ఇచ్చానని కాదు. ఆ పూట ఇంకొక వాదానికి నాలో బలం లేదు.

ఇక మొరం. గేటు బయట నుంచి తట్టలో ఎత్తుకుని రావడం, పోయడం, మళ్లీ పోవడం. ఆవిడ పారతో నింపింది, నేను మోశాను. చివరకు నేలతో సమానమైంది. దిమ్మిస తెచ్చి నేల గట్టిపడేలా కొట్టాను. మీద నాలుగు గరిక దుబ్బులు నాటాము. ఫోన్‌లో చూపిస్తే వియ్యపురాలు నమ్మక, "మీదికెక్కి నిలబడు వదినె" అని మా ఆవిడను నిలబెట్టింది. "దుంకు" అంది. ఈ వయసులో మా ఆవిడ కొంగు పట్టుకుని దుంకింది.

వారం తిరగకముందే బిడ్డ వచ్చింది. దవాఖానాకు తెల్లటి బట్టలు ఇస్త్రీ చేసుకుని పోయేది. పిల్ల మా ఆవిడ వెంట ఇల్లంతా ఉరికేది. దానికి రెండు పళ్లు కొత్తగా వచ్చాయి, వాటితో నా వేలు కొరికి పరీక్షించింది. బాగుందనుకున్నాము.

తొలివానలు పడ్డాయి. మొదటి వానకు మొరం తడిసింది. రెండో వాన తెల్లవార్లూ కురిసింది. మర్నాడు నేను దుకాణంలో ఉన్నాను. మా ఆవిడ వాకిట్లో ఉతికిన బట్టలు దులుపుతుంటే, పిల్ల మెట్లు దిగి ఆ పూడ్చిన జాగ మీదుగా ఉరికింది. పైకి గట్టినేలలాగే ఉంది. నాలుగడుగులు వేసేసరికి తొడల దాకా దిగబడింది. కింద కాంక్రీటు గిన్నె, దానిలో నీళ్లు తాగిన మన్ను. మా ఆవిడ బట్టలు పారేసి పోయి చంకల కింద చేతులు వేసి లాగింది. పిల్ల బయటికి వచ్చింది, ఒక చెప్పు లోపలే ఉండిపోయింది. పిల్ల ఏడవలేదు. ఇంకోసారి దిగుతానని పేచీ పెట్టింది. ఏడ్చింది మా ఆవిడే. నాకు ఫోన్ చేసి, వెంటనే ఇంటికి రమ్మంది.

దాచిపెడదామనుకున్నాము. పిల్ల దాచనివ్వలేదు. సాయంత్రం నాయనమ్మ ఫోన్‌లో కనబడగానే ఒంటికాలి చెప్పు ఎత్తి చూపించి, "బుర్దా! బుర్దా!" అని కేరింతలు కొట్టింది.

ఆదివారం వాళ్లు తూప్రాన్ బయలుదేరకముందే, పొద్దున మొదటి బస్సుకే వియ్యపురాలు దిగింది. అప్పటికి నేను ఆ బురదను ఎత్తి గోడవెంట కుప్పపోస్తున్నాను. తడిసిన మొరం పొడి మొరం కన్నా రెట్టింపు బరువు. ఇదేమీ గప్పాలు కాదు, నా నడుమును అడగవచ్చు. మోకాళ్ల దాకా బురదలో ఉన్న నన్ను ఆమె గేటులో నిలబడి చూసింది.

"అడుగు పలగ్గొట్టలేదా అన్నా?"

"లేదు చెల్లెమ్మా."

"మోటార్లు బాగుచేసే మనిషి. నీళ్లు ఎటు పోతయో తెల్వదా?"

నేను గోడ వైపు చూశాను. పెద్దమ్మ తల ఎప్పటిలాగే గోడ మీద ఉంది. వియ్యపురాలు అటు చూసి, ఇటు చూసి, సంచి మెట్ల మీద పెట్టింది. కొంగు నడుముకు చెక్కుకుంది. చెప్పులు విడిచి గుంతలోకి దిగింది. గడ్డపార నా చేతికి అందకముందే ఆమె చేతిలో ఉంది.

"ఓ అమ్మా!" పెద్దమ్మ గోడవతల నుంచి అరిచింది. "ఊరుగాని ఊరు నుంచి వచ్చి మా తల్లిని పొడుస్తవా?"

"ఒడిబియ్యం పోసిండ్రట గదా పెద్దమ్మా?"

"పోసినం."

"పాట పాడి సాగనంపిండ్రట?"

"అంపినం. ఏడ్సినం గూడ."

"మరి సాగనంపిన ఆడబిడ్డ ఇంకా పుట్టింట్లనే ఎందుకుంటది? పోయింది. ఇగ ఉన్నది సిమెంటు."

ఇన్నేళ్లలో పెద్దమ్మ మాటకు మారుమాట చెప్పిన మనిషిని నేను చూడలేదు. నేను గొంతు సవరించుకున్నాను. ఏదైనా ఒకటి కల్పించి ఇద్దరినీ నవ్విద్దామనుకున్నాను, కానీ ఏమీ తట్టలేదు.

"పోయినా," అంది పెద్దమ్మ చివరకు, "పండుకున్న పక్క ఉంటదిగా. నడుమ పొడవకు. మూలకు పొడువు."

"మూలకే పొడుస్త."

"పాపం తగిలితే?"

"నాది తూప్రాన్. కోపమొస్తే బస్సెక్కి రమ్మను. బస్టాండు కాడ ఎవలనడిగినా మా ఇల్లు చెప్తరు."

పెద్దమ్మకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది. వియ్యపురాలు గడ్డపార ఎత్తి, బురద తీసిన మూలకు ఒక్క పోటు వేసింది. కాంక్రీటు మీద గీత పడింది, అంతే. రెండో పోటుకు నిప్పు లేచింది. తర్వాత నాకిచ్చింది. నేను పొడిచాను. మేస్త్రీ మంచివాడని చెప్పాను కదా, ఆ మంచితనానికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. చివరకు గడ్డపార జారి మెత్తగా దిగింది. పైన నిలిచిన నీళ్లు అటువైపు జరిగాయి, సుడి తిరిగాయి, గుటకలు వేస్తూ కిందికి పోయాయి. తక్కిన మూలలూ పగలగొట్టాను. ఆమె గట్టు మీద కూర్చుని, చాయ్ తాగుతూ, "ఇంకా వెడల్పు, ఇంకా" అంటూ ఉంది.

మధ్యాహ్నం వియ్యపురాలు కాళ్లు కడుక్కుని, పిల్లను ఎత్తుకుంది. పిల్ల బట్టల సంచి కూడా తెమ్మంది. బిడ్డ అర్థం కానట్టు నిలబడింది.

"అత్తమ్మా, పలగ్గొట్టిండ్రుగదా. మళ్ల నింపుతరు నాన్న."

"నింపనియ్ బిడ్డా. నువ్వు డ్యూటీకి పో. పోరి నా దగ్గరుంటది. పెద్ద వాన పడనియ్. భూమి గట్టిగ ఆగితే నేనే తెచ్చి దించుత. మళ్ల దిగబడితే మాత్రం కొలువు మానుకోవాలె. నాకు ఇంక గుండెల దమ్ము లేదు."

కసిరి అంటే జవాబు చెప్పేవాళ్లమేమో. ఆమె మెల్లగా అంది. పిల్ల ఆమె మెడ పట్టుకుని మాకు చెయ్యి ఊపింది. బస్టాండు దాకా నేనే పోయి సీటు చూసి ఎక్కించాను. కిటికీలో నుంచి వియ్యపురాలు, "పగిలిన పెంకులు అడుగుకు ఎయ్యుండ్రి, మీద మొరం" అని చెప్పింది.

అలాగే వేశాను. గోడవెంట పోసిన మొరాన్ని ఎండకు ఆరబెట్టి, కొంచెం కొంచెంగా మళ్లీ నింపాను. ప్రతి పొర మీదా దిమ్మిస కొట్టాను. ఈసారి వాడకట్టులో ఎవరూ పాట పాడలేదు, చూడటానికీ రాలేదు. పొద్దున దుకాణం, సాయంత్రం మొరం. రాత్రి అన్నం కలిపిన చెయ్యి నోటి దాకా లేవక, మా ఆవిడ వైపు చూస్తే, ఆమె తన పళ్లెం మీదే తల వాల్చి కునుకుతోంది.

ఆ తర్వాత వాన రాలేదు. వద్దనుకున్నప్పుడు తెల్లవార్లూ కురిసిన వాన, కావాలనుకున్నాక ముఖం చాటేసింది. మబ్బు కమ్మేది, ఉరిమేది, ఎటో పోయేది. దుకాణానికి వచ్చిన రైతులు పత్తి మొలకలు ఎండుతున్నాయని బాధపడుతుంటే, నేను వాళ్లకన్నా ఎక్కువగా తలెత్తి చూసేవాడిని. బిడ్డ సెలవురోజు తూప్రాన్ పోయి పిల్లను చూసి వచ్చేది; తక్కిన రోజుల్లో దవాఖానా నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఫోన్ పట్టుకుని కూర్చునేది. పిల్ల మొదటి రోజుల్లో ఫోన్‌ను ముద్దులు పెట్టుకునేది. తర్వాత ఒక్కోరోజు పిలిచినా చూడకుండా బొమ్మలతో ఆడుకునేది. అప్పుడు బిడ్డ ఫోన్ పెట్టేసి, ఎవరితో మాట్లాడకుండా తెల్లబట్టలు ఉతుక్కునేది. "కొలువు మానేస్తనే" అని ఒకరోజు తల్లితో అంది. మా ఆవిడ ఆమె తెల్లబట్టలు తీసుకుని దండెం మీద ఆరేసింది.

ఎట్టకేలకు ఒకనాడు వాన పట్టుకుంది. రోజంతా కురిసింది, ఆగింది, మళ్లీ కురిసింది. నేను గొడుగు వేసుకుని మెట్ల మీద నిలబడి ఆ జాగనే చూశాను. నీళ్లు నిలిచాయి. బుడగలు లేచాయి. కాసేపటికి చూస్తే నీళ్లు లేవు. మళ్లీ నిలిచాయి, మళ్లీ పోయాయి. దిగి తొక్కి చూడటానికి నాకు ధైర్యం రాలేదు.

మర్నాడు పొద్దున్నే గేటు చప్పుడైంది. వియ్యపురాలు చంకలో పిల్లతో నిలబడి ఉంది. ఎవరూ ఫోన్ చేయలేదు. తూప్రాన్‌లోనూ వాన పడిందట, ఇక్కడ కూడా పడే ఉంటుందని బయలుదేరిందట. పిల్లను మా ఆవిడ చేతికిచ్చి, చెప్పులు విడిచి, ఆ జాగ మీదికి నడిచింది. ఊరికే నడవలేదు. మడమలు దించి దించి తొక్కింది. ఈ కొస నుంచి ఆ కొసకు పోయి, నడిమధ్యకు వచ్చి ఆగి, మా ఆవిడను దుంకించినట్టే తానూ ఒక దుంకు దుంకింది. మడమల గుంటల్లో కొంచెం నీరు ఊరింది. ఆమె వంగి దాన్నే చూస్తూ నిలబడింది. మేమందరం చూశాము. నీరు మెల్లగా ఇంకిపోయింది. నేల గట్టిగా ఆగింది.

ఆమె మా ఆవిడ దగ్గరికి పోయి పిల్లను తీసుకుని, ఆ నేల మీదనే దించింది. పిల్ల వంగి చేతులతో తడిమి, బురద దొరకక, అలిగి కూర్చుంది.

బిడ్డ తెల్లబట్టలతో, భుజాన సంచితో గుమ్మంలో నిలబడి ఉంది. డ్యూటీ వేళ దాటిపోతోంది. అడుగు కదలడం లేదు.

"ఇంకా నిలవడ్డవేంది బిడ్డా?" అంది వియ్యపురాలు. "పేషెంట్లు ఎదురు చూస్తలేరా?"

బిడ్డ మెట్లు దిగింది. పిల్ల నెత్తిన చెయ్యి పెట్టింది. తర్వాత గేటు వైపు, ఆ జాగ మీదుగా, తిన్నగా నడిచి పోయింది.